ఎడమ చెయ్యి నేర్వాలి

(డప్పు నేర్చుకునేవారి శిక్షణా తరగతుల్లో మా డప్పు బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మీరు మమ్మల్ని ఎక్కువగా అడిగిన మాట ఒకటే. "చెయ్యి ఎట్లా ఉరకాలి? దెబ్బకు వేగం ఎట్లా రావాలి?" ఉపన్యాసాలు ఎన్నో విన్నాం, ముందు చెయ్యి తిరిగే దారి చెప్పండి అంటున్నారు. న్యాయమైన మాట. మన సభల్లో డప్పు గురించి మాట్లాడినంతగా డప్పు కొట్టే చేతి గురించి మాట్లాడుకోలేదు. డప్పు మీద కవితలు రాసుకున్నాం. పోస్టర్ల మీద బొమ్మ వేసుకున్నాం. ఊరేగింపుకు ముందు నిలబెట్టుకున్నాం. కానీ ఆ చెయ్యి ఎట్లా నేర్చుకుంటుంది, ఎక్కడ అలిసిపోతుంది, ఎక్కడ తప్పుతుంది, ఎట్లా బాగుపడుతుంది అన్నది ఎవరూ పెద్దగా కాగితం మీద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? ఆ చేతికి నేర్పాల్సింది ఏముంది, అది కులంతో వచ్చిందే గదా అనుకున్నారు గనక. ఇయ్యాల ఆ మాట సంగతి తేలుద్దాం. చేతి గురించి సరిగ్గా మాట్లాడితే కులం సంగతి దానంతటదే బయటికొస్తుంది.

వేగం అంటే ఏంది?

వేగం అంటే బలం కాదు. తొందర అంతకన్నా కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లను చూడండి. దరువు పెంచమనగానే పుల్లను పిడికిలి బిగించి పట్టుకుంటారు. భుజం పైకి లేస్తుంది. పళ్లు బిగుసుకుంటాయి. రెండు నిమిషాలు గడిచేసరికి ముంజేయి రాయిలాగా అవుతుంది, దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వినేవాడికి అది వేగంలాగా వినపడదు, గందరగోళంలాగా వినపడుతుంది.

వేగం అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందు సమానంగా ఉండడం. సందులు సమానంగా ఉన్నప్పుడే వాటిని చిన్నవి చేయగలం. సమానంగా లేని సందుల్ని చిన్నవి చేస్తే దరువు కూలిపోతుంది. అందుకని వేగం నేర్వాలనుకున్నవాడు ముందు నెమ్మది నేర్వాలి.

రెండో సంగతి. బాగా కాచిన డప్పు తోలు పుల్లను తనంతట తానే పైకి విసురుతుంది. వరిగడ్డి మంట మీదనో, ఎండుటాకుల మంట మీదనో డప్పును ఎందుకు కాస్తాం? తోలులోని తేమ పోయి బిగుసుకోవడానికి. బిగిసిన తోలుకు మోత ఒక్కటే కాదు, ఎదురుతోపు కూడా ఉంటుంది. దెబ్బ వేసే పని మనది. పుల్లను పైకి లేపే పనిలో సగం తోలుది. పిడికిలి బిగించినవాడు ఆ సగాన్ని చంపేసుకుంటాడు. పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిపి, మిగతా వేళ్లను వదులుగా ఉంచితే, తిరిగొచ్చే పుల్లను చెయ్యి అందుకుంటుంది. నూతిలో నుంచి నీళ్లు తోడేటప్పుడు తాడును ఎట్లా పడతాం? జారిపోకుండా, అరచెయ్యి తెగకుండా. అట్లా పట్టాలి.

మూడో సంగతి. పుల్ల ఎంత ఎత్తు నుంచి దిగితే అంత కాలం పడుతుంది. జానెడు ఎత్తు లేపేవాడు నాలుగు వేళ్ల ఎత్తు లేపేవాడిని దాటలేడు. నెమ్మది దరువులో మోచేతి నుంచి కొట్టినా నడుస్తుంది. వేగం పెరిగే కొద్దీ పని మోచేతి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి వేళ్లకు దిగాలి. వేగం పెంచడమంటే కష్టం పెంచడం కాదు, కదలిక తగ్గించడం.

సముద్రాల అవతలి చేతులు

ఈ సంగతులు మనం ఒక్కళ్లమే కనిపెట్టినవి కావు. లోకంలో తోలువాద్యం కొట్టిన పేదజాతులన్నీ తమ తమ చేతులతో కనిపెట్టినవే. అందులో ఒక జాతి గురించి ఇయ్యాల చెప్పాలి. పాటకచ్చేరీల్లో మీరంతా చూసే ఉంటారు, మనిషి నడుమెత్తు ఉండి, పీపాలాగా పొడుగ్గా ఉండే డోళ్లు. మన దగ్గర ఆర్కెస్ట్రావాళ్లు కాంగో అంటారు. వాటి పేరు కాంగా. అవి పుట్టిన క్యూబాలో తుంబడోర అంటారు. పుల్లలుండవు. వట్టి చేతులతోనే కొడతారు.

ఆ డోలు ఎవరిది? ఆఫ్రికా నుంచి ఓడల్లో సంకెళ్లేసి తీసుకుపోయిన నల్లజాతివాళ్లది. చెరకు తోటల్లో పని చేయించడానికి క్యూబాకు ఏడు లక్షలకు పైగా మనుషుల్ని తరలించారు. అక్కడ బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1886లో. మధ్య ఆఫ్రికాలోని కాంగో ప్రాంతం నుంచి వచ్చినవాళ్ల డోళ్ల నుంచి ఈ కాంగా రూపం కట్టింది. మొదట్లో దాని తోలును చట్టానికి మేకులతో కొట్టేవారు. మోత దిగిపోతే ఏం చేసేవారు? మనలాగే మంట దగ్గర పెట్టి కాచేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్య కాలానికి గానీ ఇనుప మరలతో బిగించే పద్ధతి వాడకంలోకి రాలేదు. మన వాడల్లో మంట చుట్టూ డప్పులు నిలబెట్టి కూర్చున్నట్టే వాళ్లూ కూర్చున్నారు.

దొరలకు ఆ డోలంటే భయం. ఉత్తర అమెరికాలోని సౌత్ కరోలినాలో 1739లో స్టోనో దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు కొడుతూ జనాన్ని కలుపుకుంటూ నడిచారు. మరుసటి సంవత్సరం, 1740లో, అక్కడి దొరలు చట్టం చేసి బానిసలు డోళ్లు, కొమ్ములు వాడడాన్ని నిషేధించారు. క్యూబాలోనూ హవానా నగర పండగల్లో నల్లజాతివాళ్ల డోలు ఊరేగింపులను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆపేశారు. 1937లో గానీ మళ్లీ వీధిలోకి రానివ్వలేదు. డోలు లేనిచోట రేవు కూలీలు ఓడల్లో వచ్చిన ఎండుచేపల పెట్టెలు తిరగేసి వాటి మీదే వాయించారు. ఆ పెట్టెల మీదా, ఆ డోళ్ల మీదా పెరిగిన రుంబా ఆటపాటను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ముందు నిషేధం, చివరికి సన్మానం. కొట్టిన చేతులు మాత్రం మొదటి నుంచీ అవే.

ఆ చేతుల్లో ఒకటి చానో పోసోది. 1915లో హవానాలో పుట్టాడు, పేదవాడల్లో పెరిగాడు. 1947లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో డిజ్జీ గిల్లెస్పీ అనే గొప్ప నల్లజాతి సంగీతకారుడి బృందంలో కాంగా వాయించాడు. అమెరికా జాజ్ సంగీతం నడకనే ఆ డోలు మార్చిందని సంగీత చరిత్రలు రాసినవాళ్లు ఒప్పుకుంటారు. 1948 డిసెంబరులో, ముప్పై నాలుగేళ్లు నిండకముందే, న్యూయార్కులో తుపాకీ దెబ్బకు చనిపోయాడు.

ఎనిమిది దెబ్బల లెక్క

ఆ జాతి తన చేతి పనికి ఏం చేసిందో చూడండి. ప్రతి దెబ్బకూ పేరు పెట్టింది. వేళ్లు కలిపి డోలు అంచు మీద వేసి వెంటనే లేపితే మోత సాగుతుంది. అది తెరుపు దెబ్బ. వేళ్లను కొంచెం గుల్లగా వంచి అంచు మీద చటుక్కున వేస్తే చప్పట్లాగా పేలుతుంది. అది చరుపు. అరచెయ్యి మొత్తం నడిమధ్యలో వేస్తే లోతైన గుమ్ము వస్తుంది. మణికట్టు దగ్గరి అరచేతి గట్టును ఒకసారి, వేళ్ల కొసలను ఒకసారి, తక్కెడ ఊగినట్టు మార్చి మార్చి ఆనిస్తే సన్నని టకటక వస్తుంది. తెలుగులో మనకు అర్థమయ్యేట్టు ఈ పేర్లు మేం పెట్టుకున్నాం. వాళ్ల భాషలో వాళ్ల పేర్లు వాళ్లకున్నాయి.

ఈ గట్టు-వేళ్ల ఊపులోనే వేగం కీలకం ఉంది. చెయ్యిని లేపి దించితే ఒక దెబ్బే. లేపకుండా ఊపితే ఒక్క కదలికలో రెండు చప్పుళ్లు. చెయ్యి పడే శ్రమ అంతే, చప్పుడు రెండింతలు. వినేవాడికి ఉరుకుతున్నట్టుంటుంది. కొట్టేవాడి చెయ్యి నిదానంగానే ఉంటుంది.

వాళ్లు మొట్టమొదట నేర్పే దరువుల్లో ఒకటుంది. తుంబావ్ అంటారు. ఎనిమిది దెబ్బలు. నాతోపాటు తొడల మీద వేయండి:

గట్టు – వేళ్లు – చరుపు – వేళ్లు – గట్టు – వేళ్లు – తెరుపు – తెరుపు.

ఇందులో గట్టు, వేళ్లు అన్నవన్నీ ఎడమ చేతివి. చరుపు, తెరుపు కుడి చేతివి. ఇప్పుడు లెక్కపెట్టండి. ఎడమ చేతి దెబ్బలు ఎన్ని? అయిదు. కుడి చేతివి? మూడు. జనానికి గట్టిగా వినపడేది కుడి చేతి మూడు దెబ్బలే. కానీ దరువును పడిపోకుండా మోసేది ఎడమ చేతి అయిదు దెబ్బలు. వినపడీ వినపడనట్టు, ఆగకుండా, కాలాన్ని కొలుస్తూ పోయే పని దానిది. ఎడమ చెయ్యి తడబడితే కుడి చెయ్యి ఎంత గొప్పదైనా వాయిద్యం లేదు.

ఇది చూస్తే మీకేం గుర్తొస్తోంది? ఊరు గుర్తు రావట్లేదా? మోసేవాడు ఒకడు, వినపడేవాడు ఇంకొకడు.

ఎడమ చేతికి ఈ దేశంలో ఉన్న మర్యాద మనకు తెలుసు. అన్నానికి పనికిరాదు, దానానికి పనికిరాదు, దండానికి పనికిరాదు. కడుక్కోవడానికే పనికొస్తుందన్నారు. కన్నడ నాట మాదిగలను ఎడగై అన్నారు, అంటే ఎడమచేతివాళ్లు. శరీరంలోనే ఒక చేతిని అంటరానిదాన్ని చేసిన బుద్ధి, సమాజంలో మనుషుల్ని అంటరానివాళ్లను చేయదా? వాయిద్యం దగ్గర మాత్రం ఆ బుద్ధి చెల్లదు. డోలుకు రెండు చేతులూ సమానం. ఎడమ చెయ్యి ఎంత వేగం అందుకుంటుందో, మొత్తం దరువుది అంతే వేగం.

మన డప్పు దగ్గరికి వద్దాం

డప్పు అనండి, పలక అనండి, తప్పెట అనండి, ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర. ఎడమ చేతిలో పొడుగ్గా, సన్నగా ఉండే చిటికెన పుల్ల. ఈ పేర్లూ ఊరూరికీ మారతాయి. మీ ఊరి పేరే మీరు వాడండి, అది పోగొట్టుకోవద్దు. చిర్ర మొనతో కొడుతుంది, గుమ్మని మోగుతుంది. చిటికెన పుల్ల తోలు మీద పడుకున్నట్టు కొడుతుంది, చిటచిటమంటుంది. ఎడమ చెయ్యి డప్పు అంచును పట్టుకొని నిలబెట్టాలి, అదే చెయ్యి పుల్లనూ ఆడించాలి. చూశారా, ఇక్కడా మోసే పని, కొలిచే పని ఎడమ చేతిదే. మీలో చాలామందికి వేగం అందకపోవడానికి కారణం కుడి చెయ్యి కాదు. కుడి చెయ్యి కూడలికి పోయినా ఎడమ చెయ్యి ఇంకా వాడలోనే ఉంది.

అందుకని ఈ పద్ధతి పెట్టుకోండి. ఇది మేం మా బృందంలో చేయిస్తున్న పద్ధతి.

ఒకటి, ముందు నోరు. నోటితో పలకలేని దరువును చెయ్యి పలకలేదు. జజ్జనక అన్నప్పుడు ఏ అక్షరం ఏ చేతిదో తెలిసి పలకాలి. పుల్లలు పట్టకముందు తొడల మీద వేయాలి.

రెండు, తర్వాత కాలు. మనం కూర్చుని కొట్టేవాళ్లం కాదు, ఆడుతూ కొట్టేవాళ్లం. అడుగు దరువుకు గడియారం. అడుగు తడబడితే చెయ్యి తడబడుతుంది. నోటితో పలుకుతూ అడుగేయండి, డప్పు పక్కన పెట్టి.

మూడు, తర్వాత చెయ్యి. రోజూ పది నిమిషాలు ఎడమ చెయ్యి ఒక్కటే కొట్టాలి. ఆ తర్వాత ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఆ తర్వాత రెండు కుడి, రెండు ఎడమ. కళ్లు మూసుకొని విన్నప్పుడు ఏ దెబ్బ ఏ చేతిదో మోతలో తేడా తెలియొచ్చు గానీ, సందులో తేడా తెలియకూడదు.

నాలుగు, లెక్క. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది. నిమిషానికి ఇన్నిసార్లని టిక్కు టిక్కుమనే మెట్రోనోము దొరుకుతుంది. నిమిషానికి 60 టిక్కులు పెట్టుకోండి. టిక్కుకు నాలుగు దెబ్బలు వేయండి. అంటే నిమిషానికి 240 దెబ్బలు. మూడు నిమిషాలు ఒక్క దెబ్బ జారకుండా, భుజం బిగుసుకోకుండా కొట్టగలిగితే 65కు పోండి. లేకపోతే 60 దగ్గరే ఉండండి. వారానికి అయిదు పెంచుకుంటూ పోయినా ఆరు వారాల్లో 90కి చేరతారు. అంటే నిమిషానికి 360 దెబ్బలు. జాతరలో జనాన్ని లేపడానికి అది చాలు. ఎవడైనా ఒక్క రాత్రిలో 90 కొడతానంటే, వాడు కొట్టేది వేగం కాదు, గొప్ప.

అయిదు, నొప్పి. కండరం అలిసిపోవడం వేరు, కీలు నొప్పి వేరు. మణికట్టులోనో వేలి కణుపులోనో సూదిపోటు వస్తే ఆపేయాలి. నొప్పి ఓర్చుకోవడం మగతనం అని చెప్పేవాడి మాట వినొద్దు. ఉంగరాలు తీసేయండి. మొదలుపెట్టేముందు చేతులు రుద్ది వేడి చేసుకోండి. డప్పును కాచినట్టే చేతినీ కాచుకోవాలి. మధ్యలో చెయ్యి విదిలించి విశ్రాంతి ఇవ్వాలి. చెవులకు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. పదిమంది డప్పుల మధ్య గంటలకొద్దీ నిలబడితే వినికిడి పోతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఆరు, తాగుడు. ఇది నీతిపాఠం కాదు, లెక్క. తాగిన చెయ్యికి తాను వేగంగా కొడుతున్నానని అనిపిస్తుంది. ఆ దరువును ఫోనులో రికార్డు చేసి తెల్లారి వినండి. సందులు ఎంత సమానంగా ఉన్నాయో మీకే తెలుస్తుంది. కూలి బదులు సీసా ఇవ్వడం మన చేతిని పాడు చేసే పాత ఉపాయం. సీసా ఇచ్చినవాడికి రేటు గురించి అడిగే నోరు మూతపడుతుంది, మనకు దరువూ పోతుంది.

"మీ రక్తంలోనే ఉంది"

ఇంత చెప్పిన తర్వాత ఆ మాట దగ్గరికి రావచ్చు. అందరూ మనతో అంటారు: "మీకు నేర్పేదేముంది, డప్పు మీ రక్తంలోనే ఉంది." పొగడ్తలాగా వినపడుతుంది. జాగ్రత్తగా వినండి, అది మనుధర్మం. పుట్టుకతో పని, పనితో కులం అన్న మాటకే పూలదండ వేసి మన మెడలో వేస్తున్నారు.

మృదంగం నేర్చుకునేవాడిని ఎవరైనా అట్లా అంటారా? వాడికి గురువుంటాడు, పాఠముంటుంది, ఇన్నేళ్ల సాధన అని లెక్కుంటుంది, పరీక్ష ఉంటుంది, పట్టా ఉంటుంది. వాడి వేగానికి పేరు విద్య. మన వేగానికి పేరు రక్తం. ఆ మృదంగం తోలు ఎవరు కోశారు, ఎవరు మూశారు, ఎవరు బిగించారు? గొప్ప మృదంగ విద్వాంసుడు పాలఘాట్ మణి అయ్యర్‌కు వాయిద్యం తయారుచేసి ఇచ్చింది పర్లాందు అనే దళిత క్రైస్తవుడు. ఆ తయారీదారుల చరిత్ర మీద టి.ఎం. కృష్ణ రాసిన పుస్తకం 2020లో వచ్చింది. అప్పటిదాకా కచ్చేరీల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? తోలు తీసిన చెయ్యి బయట, తోలు వాయించిన చెయ్యి వేదిక మీద.

రక్తంలో ఉంటే అరవై టిక్కుల దగ్గర ఎవరి చెయ్యీ తడబడదు. తడబడుతోంది కదా? సాధన చేస్తే కుదురుకుంటోంది కదా? మాల ఇంటి పిల్ల చేసినా కుదురుతుంది, మాదిగ ఇంటి పిల్ల చేసినా కుదురుతుంది, ఎవరి పిల్ల చేసినా కుదురుతుంది. మన తాతలకు వచ్చింది రక్తంతో కాదు. చిన్నప్పటి నుంచి చావుల దగ్గర, జాతర్ల దగ్గర రాత్రులు రాత్రులు నిలబడి, చూసి, విని, తప్పులు దిద్దుకొని సంపాదించింది. అది శ్రమ. అది విద్య. ఆ విద్యకు పుస్తకం లేకుండా చేసింది కులం.

ఆడపిల్లలు కొట్టకూడదన్నది కూడా ఈ రక్తం మాటలో నుంచి పుట్టిందే. తమిళనాడులో దిండిగల్ ప్రాంతంలో శక్తి బృందం దళిత స్త్రీలు మన డప్పుకు అక్కలాంటి పఱై వాయిద్యాన్ని భుజానికేసుకొని ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు. ఈ తరగతిలో ఎడమ చెయ్యి ముందుగా కుదురుకుంటున్నది చెల్లెళ్లకే అని మేం గమనించాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పిడికిలి బిగించే పాత అలవాటు లేదు మరి.

కొట్టాలా, పారేయాలా?

మన ఉద్యమంలో ఒక వాదన ఉంది. డప్పు బానిసత్వపు గుర్తు, దాన్ని పారేయాలంటారు కొందరు. దాని వెనక నొప్పి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిలిస్తే పోవాలి, పోకపోతే దెబ్బలు, పోతే పిడికెడు గింజలు. చావుకు కొట్టాలి, దేవరకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, గుడి లోపలికి మాత్రం పోకూడదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసన మండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టింది ఇట్లాంటి వంశపారంపర్యపు ఊడిగాన్ని తెంచడానికే. వతన్ అంటే చిన్న చెక్క భూమో, నాలుగు గింజలో చూపించి ఊరందరి చాకిరీకి తరతరాలూ కట్టేసుకోవడం.

ఇంకోవైపు, ఇదే డప్పు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన పోరాటానికి దండోరా అనే పేరిచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, సుప్రీంకోర్టు వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకుందని తీర్పు చెప్పింది. వర్గీకరణ మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, అది ఇయ్యాల్టి చర్చ కాదు. ఒక వాయిద్యం ఊరి చాకిరీ నుంచి రాజకీయ వేదిక మీదికి నడిచిందన్నది మాత్రం అందరం చూసిన నిజం.

కాబట్టి మేం అనేది ఇది. బానిసత్వం తోలులో లేదు. ఎవరు పిలిచారు, కాదనే హక్కు ఉందా, కొట్టిన చేతికి ఏమిచ్చారు అన్నదాంట్లో ఉంది. వద్దనుకున్నవాళ్లు మానేయాలి, వాళ్లను ఎవరూ తప్పుపట్టకూడదు. కొట్టాలనుకున్నవాళ్లు విద్యగా నేర్వాలి, విద్యగా అమ్మాలి, ఆయుధంగా వాడాలి.

ఊళ్లల్లో పనిచేసే కార్యకర్తలు ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చాయి. డప్పు కొట్టనన్నందుకు బెదిరించినా, ఊరు కట్టడి పెట్టినా, కూలికి పిలవకుండా చేసినా, అది "ఊరి ఆచారం" కాదు, కేసు. తేదీ, సమయం, చూసినవాళ్ల పేర్లు రాసుకొని పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఇష్టపడి పోయే బృందాలు ముందు మాట, తర్వాత దెబ్బ అన్న నియమం పెట్టుకోండి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, దారి ఖర్చు ఎవరిది, భోజనం ఎక్కడ అన్నవి కాగితం మీద రాసుకోండి. అందరూ తినేచోటే మనకూ విస్తరి వేయాలి. గంటకోసారి విశ్రాంతి ఉండాలి. డబ్బు చేతిలో పెట్టాలి, సీసా కాదు. పక్క ఊరి బృందం కంటే తక్కువకు పోయి వాళ్ల రేటు కొట్టొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. అర్హులైన పెద్దవాళ్ల చేత దరఖాస్తు పెట్టించండి. కానీ పింఛనుతో ఆగొద్దు. పింఛను ముసలి చేతికి. మరి పసి చేతికి? బళ్లల్లో డప్పు నేర్పాలి. నేర్పడానికి మన ముసలివాళ్లనే జీతమిచ్చి పెట్టాలి. మృదంగానికిచ్చే పట్టా డప్పుకూ ఇవ్వాలి. ఇది మనం అడగాల్సిన అడుగు.

అప్పటిదాకా మన బడి మనమే నడుపుకుందాం. ప్రతి వాడలో వారానికి రెండు సాయంత్రాలు. ఒక పెద్దాయన, ఒక ఫోను, నాలుగు డప్పులు చాలు. ముసలివాళ్ల దగ్గరున్న దరువులన్నీ ఫోనులో రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. పెళ్లి దరువు, చావు దరువు, జాతర దరువు, చాటింపు దరువు, ఏదీ వదలొద్దు. ఆ చేతులు పోతే ఆ దరువులు పోతాయి. ఫైబరు డప్పులకు మంట అక్కర్లేదు, వానకు తడవవు, వాడుకోండి. కానీ కొయ్య చట్టానికి తోలు మూసే పని తెలిసిన మనిషి మీ మండలంలో ఎవరున్నారో కనుక్కొని, ఇద్దరు పిల్లలకు ఆ పని నేర్పించండి.

ఇక మాటలు చాలు. మంట వేశారు, డప్పులు కాగుతున్నాయి. అందరూ లేవండి. చిర్ర కింద పెట్టండి. కుడి చెయ్యి వెనక్కి కట్టుకోండి. చిటికెన పుల్ల ఒక్కటే. నిమిషానికి అరవై. నోటితో పలుకుతూ, అడుగేస్తూ, ఎడమ చేతితో మొదలుపెడదాం.

జై భీమ్!